పట్టూ... విడుపూ... మధ్యలో పాపాయి!

తెలుగిళ్లలో పిల్లలు ఏం చేసినా దానికో పిండివంట ఉంది. నవ్వితే నువ్వుండలు. బోర్లా పడితే బొబ్బట్లు. పాకితే పాయసం. అడుగులేస్తే అరిసెలు. పలుకులొస్తే పంచదార చిలకలు. ఊరు మారితే, ఇల్లు మారితే పేర్లు కాస్త అటూ ఇటూ అవుతాయిగానీ వేడుక మాత్రం తప్పదు. ఇంత ముచ్చటగా జాబితా రాసుకున్న పెద్దవాళ్లు ఒక్కటి మాత్రం ఎందుకో వదిలేశారు. రెండేళ్లు నిండీ నిండగానే ఓ రోజు పొద్దున్నే లేచి, పాలగ్లాసు అవతలికి తోసేసి, పిల్ల మొదటిసారి గట్టిగా 'వద్దు' అంటుంది చూడండీ... దానికి మాత్రం ఏ పిండివంటా లేదు.

నిజానికి పండగ చేసుకోవాల్సింది ఆ రోజే. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్యలో పిల్లలు అద్దంలో కనిపించేది తామేనని గుర్తుపడతారు. రెండేళ్లొచ్చేసరికి రెండేసి మాటలు కలిపి చెబుతారు. 'పాలు వద్దు', 'బొమ్మ నాది', 'నాన్న దా'. అంటే 'నేను' అనే మనిషొకరు ఇంట్లో కొత్తగా తయారయ్యారన్నమాట. ఇప్పటిదాకా ఆ ఇంట్లో ఉన్నవి రెండు ఇష్టాలు. ఇక మీదట మూడు. మూడోది వచ్చాకే మొదటి రెండూ ఎంత మొండివో బయటపడుతుంది.

కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అదే జరిగింది. ఆయనది భీమవరం దగ్గర పల్లెటూరు. బ్యాంకు ఉద్యోగం. ఆమెది హన్మకొండ. ఓ ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూసేది. పెళ్లయి అయిదేళ్లు. పాపకి రెండేళ్ల మూడు నెలలు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ గొడవపడ్డ రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ సఖ్యత చూసి చుట్టాలు తెగ ముచ్చటపడేవారు. అసలు సంగతేమిటంటే వాళ్లకి గొడవపడాల్సిన అవసరమే రాలేదు. ఆయన హాల్లో క్రికెట్ పెట్టుకుంటే ఆమె లోపల ఫోన్లో సినిమా చూసుకునేది. వండబుద్ధి కాకపోతే బయట తినేవారు. ఆదివారం పదింటికి లేచేవారు. రెండు ఇష్టాలూ రెండు గదుల్లో హాయిగా కాపురం చేశాయి. పాప పుట్టాక గదులు రెండే ఉన్నాయిగానీ పని మాత్రం ఒక్కటైపోయింది. దాన్ని ఇద్దరూ కలిసి చేయాలి, లేదంటే ఒకరే చేయాలి. చిక్కంతా అక్కడొచ్చింది.

ఎనిమిదిన్నర ఎవరిది?

బ్యాంకులో లెక్కలన్నీ తేలి, మెట్రో దిగి, ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. సరిగ్గా అదే వేళకి ఆమె పాపని జోకొడుతూ ఉంటుంది. తలుపు తాళం చప్పుడు వినపడగానే అప్పటిదాకా మూతలుపడుతున్న కళ్లు టక్కున తెరుచుకుంటాయి. 'నాన్న!' ఇంకేముంది, నిద్ర ఎగిరిపోతుంది. ఆయన పాపని గాల్లోకి ఎగరేస్తాడు. వీపు మీద ఎక్కించుకుని గుర్రమాట ఆడతాడు. పదైనా పాప పడుకోదు. మర్నాడు నిద్ర చాలక పొద్దుటినుంచీ పేచీ. ఆ పేచీ ఎవరికి? ఆమెకే.

'గంటసేపు తిప్పలుపడి పడుకోబెట్టిన. అయిదు నిమిషాలు బయట ఆగలేవా?' అని ఆమె.

'రోజంతా నీ దగ్గరే ఉంటుంది. నాకు దొరికేది ఆ ఒక్క గంటేగా' అని ఆయన.

ఇద్దరి మాటా నిజమే. ఇబ్బందంతా అదే. ఒకరిది తప్పయితే గొడవ ఆ పూటతో పోతుంది. ఇద్దరిదీ నిజమైతే రోజూ వస్తుంది. చిన్నపిల్లల నిద్ర గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొన్ని సూచనలు చేసింది. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలంది. ఆమె ఆ అంకెలు తెచ్చి చూపించింది. 'అంటే నేను నా పిల్లతో ఆడుకోకూడదనా?' అన్నాడాయన. అంకెలు చూపిస్తే వాదనలో గెలవొచ్చేమోగానీ అలక తీరదు.

చివరికి అది తీరిన తీరు వేరు. ఎనిమిదిన్నర ఎవరిదన్న సంగతి పక్కనపెట్టి, ఆయనకి కావాల్సిన గంట రోజు మొత్తంలో ఇంకెక్కడైనా ఉందేమో వెతికారు. పొద్దున్న దొరికింది. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పాప ఆయనది. మొహం కడగడం, లాల పోయడం, గౌను వేయడం, రాగిజావ తాగించడం... అన్నీ ఆయనవే. రాత్రి జోకొట్టడం ఆమెది. ఒప్పందం ప్రకారం ఆయన రాత్రిపూట చెప్పులు చేతిలో పట్టుకుని దొంగలా ఇంట్లోకి వస్తాడు. పడగ్గదిలోంచి పాప కబుర్లు వినిపిస్తుంటే హాల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు. మొదటి వారమంతా ఆయన ప్రాణం కొట్టుకులాడింది. ఆమెకేమో పొద్దున్నే దొరికిన ఆ గంటన్నరలో ఏం చేయాలో తోచలేదు. రెండు రోజులు ఊరికే కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగింది.

సాయమా... పనా?

అయితే కథ అక్కడితో అయిపోలేదు. మర్నాటి నుంచీ స్నానాల గదిలోంచి కేకలు మొదలయ్యాయి. 'నీళ్లు ఈ వేడి చాలా? తువ్వాలు ఎక్కడుంది? జావలో బెల్లం వేయాలా?' ఆయన మంచివాడే. చెప్పిందల్లా చేస్తాడు. కానీ అడిగి అడిగి చేసే పనిలో సగం పని చెప్పేవాళ్లదే. పాలు తేవడం ఒక పని. పాలు అయిపోవస్తున్నాయని గుర్తుంచుకోవడం ఇంకో పని. టీకా ఏ తేదీకి వేయించాలి, చెప్పులు ఎప్పుడు బిగుతయ్యాయి, గోళ్లు తీసి ఎన్ని రోజులైంది, దగ్గు మందు సీసా తెరిచి ఎన్నాళ్లైంది... ఈ చిట్టాపద్దులన్నీ ఆ ఇంట్లో ఒక్క బుర్రలోనే తిరుగుతుండేవి.

ఇదేమీ ఆ ఒక్క ఇంటి కథ కాదు. దేశంలో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో తెలుసుకునేందుకు కేంద్ర గణాంక శాఖ 2024లో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అవే పనులు చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసే పనిలో 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకి 140 నిమిషాలు, మగవాళ్లకి 74 నిమిషాలు పడుతున్నాయి. వండటం, ఉతకడం, తినిపించడం లాంటి వాటిని గడియారం పెట్టి కొలవొచ్చు. గుర్తుంచుకోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలవడం ఎవరి తరం?

సరే, ఇది నాణేనికి ఒకవైపు. రెండోవైపు కూడా ఉంది. ఆయన పాప తల తుడుస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడేది. 'అట్ల కాదు, ముందు వెనక తుడవాలె'. ఆయన వేసిన పిలక పక్కకి ఒరిగితే విప్పి మళ్లీ వేసేది. ఎర్ర గౌను కింద పచ్చ లాగు తొడిగితే మార్చేది. సాంబ్రాణి పొగ వేయలేదని సణిగేది. నాలుగోరోజు ఆయన దువ్వెన బల్ల మీద పడేసి 'అయితే నువ్వే చేసుకో' అని వెళ్లిపోయాడు. పాప సగం పిలకతో ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

అప్పుడు తెలిసొచ్చింది ఇద్దరికీ. పని ఇచ్చి పద్ధతి ఇవ్వకపోతే అది పంచుకోవడం కాదు, పురమాయించడం. పని చేసి బాధ్యత తీసుకోకపోతే అది పంచుకోవడం కాదు, సాయం చేయడం. సాయం ఎప్పుడైనా మానేయొచ్చు, పనిని మానేయలేం. ఆ రాత్రి ఇంకో ఒప్పందం. ఎనిమిదింటిదాకా ఆమె అటువైపు తొంగిచూడదు. ఆయన ఆమెని ఒక్క ప్రశ్న కూడా అడగడు. మొదటి వారం పాప రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు వేసుకుని తిరిగింది. ఓరోజు జావలో ఉప్పూ బెల్లం రెండూ పడ్డాయి. కొంపలేమీ మునగలేదు. మూడో వారంలో ఓ సాయంత్రం ఆయనే ఫోన్ చేసి 'గోళ్లు తీసే కత్తెర మొద్దుబారింది, కొత్తది తెస్తున్నా' అన్నాడు. ఆ మాటకి ఆమె ఎంత సంతోషపడిందో ఆయనకి ఇప్పటికీ తెలీదు. పిలక మాత్రం ఈరోజుకీ పక్కకే ఒరుగుతుంది. ఆదివారం అది నిటారుగా కనిపిస్తే 'ఇవాళ నాన్నకి సెలవా?' అని ఎదురింటివాళ్లు నవ్వుతారు.

ఫోను కాదు... మోకాళ్లు!

పాపని చూసుకోవడానికి నానమ్మ మూడు నెలలు, అమ్మమ్మ మూడు నెలలు వంతులవారీగా వస్తుంటారు. నానమ్మ వచ్చినప్పుడు పాప గిన్నెడు పప్పన్నం మెతుకు మిగలకుండా తినేది. చేతిలో ఫోనుండేది మరి. తెర మీద బొమ్మలు ఆడుతుంటే నోట్లోకి ముద్దలు వాటంతటవే వెళ్లిపోయేవి. రెండేళ్ల పిల్లలు రోజుకి గంట మించి తెర ముందు కూర్చోకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట ఆమెకి తెలుసు. అత్తగారితో అనలేక రాత్రి ఆయనతో అంది. 'అమ్మ ఈ వయసులో వచ్చి చేసిపెడుతోంది. ఇంకా తప్పులు కూడా పట్టాలా?' అన్నాడాయన. రెండు రోజులు మాటల్లేవు.

ఆ రెండు రోజులూ రాయబారం పాపది. 'నాన్నకి చెప్పమ్మా, పాలు తెమ్మని.' ఇక్కడో చిన్న సంగతి చెప్పుకోవాలి. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె ఆయన్ని 'నువ్వు' అంటుంది. అత్తగారు ఉన్నప్పుడు 'ఏమండీ' అంటుంది. పాప చెవిన పడింది రెండోదే. హాల్లోకి వెళ్లి, నడుం మీద చెయ్యేసుకుని, అచ్చం అమ్మలా 'ఏమండీ... పాలు!' అంది. ముందు నానమ్మ పగలబడి నవ్వింది. తర్వాత ఆయన. వంటింట్లోంచి ఆమె. నవ్వులయ్యాక నానమ్మే కదిపింది. 'మీ ఇద్దరూ దేనికి ముభావంగా ఉన్నారో నాకు తెలీదనుకున్నారా? ఆ ఫోను నాకు మాత్రం సరదానా? అది గిన్నె చూడగానే పరిగెడుతుంది. నా మోకాళ్లతో దాని వెనకాల ఎక్కడ తిరగనూ?'

రెండు రోజులుగా ఫోను గురించి కొట్టుకుంటున్నారుగానీ అసలు గొడవ మోకాళ్లదని ఎవరికీ తట్టలేదు. మర్నాడు ఆయన బాల్కనీలో రెండు కుర్చీలు వేశాడు. ఒకటి నానమ్మకి, ఒకటి పాపకి. కింద రోడ్డు మీద బస్సులు, ఆటోలు, తోపుడుబండి మీద జామకాయలమ్మే తాత, తీగల మీద పావురాలు. మధ్యాహ్నం బువ్వ అక్కడే. ఫోను మాత్రం నానమ్మ నడుం వాల్చేముందు పావుగంట. పాప ఇప్పుడు గిన్నెడు తినదు, ముప్పావు గిన్నె తింటుంది. మిగిలిన ముద్దలు చూసి నానమ్మ మనసు విలవిల్లాడుతుంది. ఆ పావుగంట ఫోను చూసి అమ్మ మనసు విలవిల్లాడుతుంది. ఇద్దరికీ సమానంగా నచ్చలేదు కాబట్టే ఆ ఏర్పాటు నిలబడింది.

దూపంటే దాహమే

ఓ మధ్యాహ్నం పాప నానమ్మ కొంగు పట్టుకుని 'దూప, దూప' అని ఏడుపు లంకించుకుంది. గోదావరి జిల్లా నానమ్మకి అర్థమైంది ఒక్కటే. ధూపం! పిల్ల సాంబ్రాణి అడుగుతోందనుకుని నిప్పులు రాజేసి పొగ వేసింది. పాప ఏడుపు రెట్టింపైంది. సాయంత్రం ఈ సంగతి విని ఇల్లంతా నవ్వింది. నవ్వుతూనే ఆయన పాపతో అన్నాడు, 'దూప కాదమ్మా, దాహం అనాలి'. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

'మా అమ్మ అదే అన్నది, మా అమ్మమ్మా అదే అన్నది. అదేమన్న తప్పు మాటా?'

ఆయనకి అది చిన్న విషయం. ఆమెకి కాదు. పెళ్లయినప్పటి నుంచీ అత్తగారింట్లో 'సల్ల' అనబోయి 'మజ్జిగ' అంది. 'ఉల్లిగడ్డ' అనబోయి 'ఉల్లిపాయ' అంది. 'అంగి' అనబోయి 'చొక్కా' అంది. ఎవరూ అనమని చెప్పలేదు. ఎవరూ అనొద్దని కూడా అనలేదు. ఒక్కో మాటా తనంతట తనే లోపల దాచేసుకుంటూ వచ్చింది. కూతురి నోట్లోంచి కూడా ఆ మాట తీసేస్తుంటే అయిదేళ్లుగా దాచుకున్నవన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఆయన అంతా విన్నాడు. ఎదురు చెప్పలేదు. మర్నాడు పొద్దున్న లాల పోశాక పాపని 'దూప అయితుందా, నీళ్లు తాగుతావా?' అని అడిగాడు. యాస కుదర్లేదు. అయినా ఆమె వంటింట్లోంచి విని ఊరుకుంది.

ఈ పంచాయతీ పాపకి అసలు పంచాయతీయే కాదు. రెండు భాషలు వినిపించే ఇళ్లలో పెరిగే పిల్లలు ఎవరితో ఏది మాట్లాడాలో చిన్న వయసులోనే పసిగట్టేస్తారు. ఒకే భాషలోని రెండు యాసలు వాళ్లకో లెక్కా? ఇప్పుడు పాప అమ్మమ్మని దూప అని అడుగుతుంది, నానమ్మని దాహం అని అడుగుతుంది. ఇద్దరూ నీళ్లే ఇస్తారు. బువ్వ మాత్రం రెండువైపులా బువ్వే.

పండగల పంపకమూ అలాగే తేలింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ హన్మకొండలో ఉండాలని ఆమెకి. అన్ని రోజులు సెలవు దొరకదని ఆయనకి. చివరికి తల్లీకూతుళ్లు ముందెళ్లేట్లు, సద్దుల బతుకమ్మనాటికి ఆయన వచ్చి కలిసేట్లు మాట అనుకున్నారు. సంక్రాంతికి మాత్రం భోగినాటికే ముగ్గురూ భీమవరంలో ఉండాలి. పాప నెత్తిన భోగిపళ్లు పోయడానికి అక్కడ వీధి వీధంతా వస్తుంది మరి.

సర్దుకుపోవడం వేరు

ఇవన్నీ చిన్నవి. పెద్దది వేరే ఉంది. పాప పుట్టినప్పుడు ఆమెకి 26 వారాల సెలవు దొరికింది. అంతకుముందు 12 వారాలే ఉండే ప్రసూతి సెలవుని 2017లో చట్టం సవరించి 26 వారాలకి పెంచారు. ఆయనకి దొరికింది 15 రోజులు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని అదే సవరణ చెప్పింది. ఆమె పనిచేసే చోట అంతమంది లేరు. అందుకని సెలవు అయిపోయాక ఉద్యోగం మానేసింది. ఏడాదికే అనుకుంది. ఏడాది రెండేళ్లు కావస్తోంది. మళ్లీ వెళ్తానంది. 'స్కూల్లో వేశాక చూద్దాంలే' అన్నాడాయన. సరిగ్గా అప్పుడే బ్యాంకులో ప్రమోషన్ పరీక్ష నోటీసొచ్చింది. పాసైతే జీతం పెరుగుతుంది. ఎక్కడికో బదిలీ కూడా అవుతుంది. 'ఇక నువ్వు ఉద్యోగానికి వెళ్లాల్సిన పనే ఉండదు' అన్నాడు. ఆయన దాన్ని బహుమతిలా చెప్పాడు. ఆమెకి శిక్షలా వినిపించింది.

'సర్దుకుపో' అన్నారు ఫోన్లో హన్మకొండ వాళ్లు. తెలుగిళ్లలో ఆ మాట వినని ఆడపిల్ల ఉండదు. కానీ గమనించారా? సర్దుకుపోవడానికి ఒక్కరు చాలు. రాజీకి ఇద్దరు కావాలి. లోక్ అదాలత్‌లో కూడా రాజీ పత్రం మీద రెండువైపులవాళ్లూ సంతకాలు పెడితేనే కేసు ముగుస్తుంది. వీటన్నిటికన్నా మంచి మాట మన భాషలోనే ఇంకొకటి ఉంది... పట్టువిడుపు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేవాణ్ని అడగండి. దారం పట్టుకునే ఉంటే పటం పైకి లేవదు. వదిలేస్తూనే ఉంటే చేతికి రాదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం పాప పడుకున్నాక ఇద్దరూ చెరో కాగితం తీసుకున్నారు. ఏది వదులుకోలేరో ఒకవైపు, ఏది వదులుకోగలరో ఇంకోవైపు రాసుకున్నారు. ఉద్యోగం వదులుకోలేనని ఆమె రాసింది. పాత జీతమే రావాలన్న పట్టు వదులుకోగలనని రాసింది. ప్రమోషన్ వదులుకోలేనని ఆయన రాశాడు. అది ఈ ఏడాదే రావాలన్న పట్టు వదులుకోగలనని, చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి రాశాడు.

ఆయన ఈ ఏడాది పరీక్ష రాయలేదు. ఆమె రెండు వీధుల అవతల ఓ ఆడిటర్ ఆఫీసులో చేరింది. పాత జీతంలో మూడోవంతు తక్కువ. పాప పూటబడికి వెళ్తుంది, మధ్యాహ్నం నుంచి వంతులో ఉన్న అమ్మమ్మో నానమ్మో చూసుకుంటారు. చదవడానికి హాయిగానే ఉందిగానీ నొప్పి లేదనుకోకండి. తనకన్నా వెనక చేరిన కుర్రాడు మేనేజరైన రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. 'నీ ఇష్టంతోనే కదా మానుకున్నవ్' అని ఆమె అనొచ్చు. అనలేదు. పెరుగన్నం కలిపి పెట్టి పక్కన కూర్చుంది. తను ఒకప్పుడు పని నేర్పిన అమ్మాయి పెద్ద హోదాలోకి వెళ్లిందని ఆమెకి తెలిసిన రోజు ఆయనా అలాగే కూర్చున్నాడు. రాజీ కుదిరాక కూడా కొంత నొప్పి మిగులుతుంది. దాన్ని ఒకరి మీదికి ఒకరు నెట్టుకోకపోవడం కూడా రాజీలో భాగమే.

గొడవ హాల్లో... రాజీ గదిలో?

అయినా గొడవలు ఆగాయా? ఆగవు. ఓ సాయంత్రం కరెంటు బిల్లు దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. గొంతులు లేచాయి. పాప బొమ్మని భుజాన వేసుకుని ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. నోటిమీద వేలేసుకుని 'ష్... బొమ్మ జో' అంది. ఇద్దరూ టక్కున ఆగిపోయారు.

ఆ రాత్రి పాప పడుకున్నాక మామూలుగానే మాట్లాడుకున్నారు, 'పోనీలే' అనుకున్నారు, నవ్వుకున్నారు కూడా. అప్పుడు ఆమెకో అనుమానం వచ్చింది. గొడవ జరిగేది హాల్లో, పాప కళ్లముందు. కలిసిపోయేది గదిలో, పాప నిద్రపోయాక. అంటే పాపకి తెలిసేది మొదటి సగమే. అమ్మానాన్నలు అరుచుకుంటారని తెలుసు. మళ్లీ ఎలా కలిసిపోతారో చూడలేదు. అప్పటినుంచీ ఇంకో నియమం పెట్టుకున్నారు. గొడవ హాల్లో అయితే రాజీ కూడా హాల్లోనే. తప్పు ఎవరిదైతే వాళ్లు పాప వినేలా 'సారీ' చెప్పాలి. చెప్పడం మొదట్లో ఇద్దరికీ నామోషీగానే ఉండేది. ఇప్పుడు పాప బొమ్మని కిందపడేస్తే ఎత్తుకుని, దుమ్ము దులిపి 'సాలీ' అని చెబుతోంది.

పాప దగ్గర్నుంచి వాళ్లు నేర్చుకున్నదీ ఉంది. 'గౌను వేసుకో' అంటే పాప 'వద్దు' అంటుంది. 'ఎర్ర గౌనా, నీలం గౌనా?' అంటే ఆలోచించి ఒకటి చూపిస్తుంది. ఆజ్ఞ వేస్తే పేచీ, ఎంచుకోమంటే శాంతి. ఓరోజు ఆమె ఆయన్ని 'బట్టలు ఆరేస్తవా, గిన్నెలు తోముతవా?' అని అడిగింది. 'గిన్నెలు' అని సింకు దగ్గరికి వెళ్లాక ఆయనకి అర్థమైంది, అది పాప మీద వేసే మంత్రమేనని. తిరిగి చూసేసరికి ఆమె బట్టలు ఆరేస్తూ నవ్వుతోంది.

దంపతుల్ని దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ ఓ మాట తేల్చాడు. భార్యాభర్తల తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరేవి కావట. మనుషుల స్వభావాల్లో ఉన్న తేడాల్లోంచి అవి మళ్లీ మళ్లీ పుడుతూనే ఉంటాయి. వినడానికి భయంగా ఉన్నా అందులో ఓ ఊరట ఉంది. తీరని తగాదా ఉన్నంతమాత్రాన కాపురం చెడిపోయినట్లు కాదన్నమాట. మన పెళ్లిళ్లలో వధూవరుల నెత్తిన పెట్టించేది కూడా జీలకర్రా బెల్లమే కదా. ఎంత మెత్తగా నూరినా జీలకర్ర ఘాటు జీలకర్రదే, బెల్లం తీపి బెల్లానిదే.

వచ్చే ఏడాది ప్రమోషన్ నోటీసు మళ్లీ వస్తుంది. ఆడిటర్ ఆఫీసులో ఆమెకీ అప్పటికి పని పెరుగుతుంది. అమ్మమ్మకి చూపు తగ్గుతోంది, నానమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఆ రెండు కాగితాలూ బియ్యం డబ్బా పక్కన అరలో భద్రంగా ఉన్నాయి. మళ్లీ తీయాలి, మళ్లీ రాయాలి. అప్పటికి పాపకి మూడేళ్లు దాటతాయి, కాబట్టి ఈసారి మూడో కాగితం కూడా ఉంటుంది. దాని మీద మొదటి మాట ఏం రాయించబోతోందో మాత్రం ఇద్దరికీ ఇప్పుడే తెలుసు.

'వద్దు!'